కొండ మీంచి దూకిన అడవి మనిషి

పెనుకొండ బస్టాండు వెనక సందులో గ్యాసు పొయ్యిలూ కుక్కర్లూ బాగుచేసే లాల్‌సాబ్ ఇప్పటికి నలభై ఒక్కసార్లు చచ్చాడు. లెక్క ఆయన చెప్పిందే. కత్తిపోట్లకు పదహారు, తుపాకీకి పన్నెండు, హీరోయిన్ కొరడాకు తొమ్మిది, ఏనుగు తొక్కి ఒకటి. మిగిలిన మూడుసార్లు ఎందుకు చచ్చాడో ఆయనకే తెలియదు. పడుకోమన్నారు, పడుకున్నాడు, అంతే.

ఈ చావులన్నీ పంతొమ్మిది వందల ఎనభై రెండుకూ ఎనభై తొమ్మిదికీ మధ్య జరిగాయి. ఆ రోజుల్లో పెనుకొండ కోట బండల మీద ఫైటింగు సినిమాలు తెగ తీసేవాళ్ళు. పద్దెనిమిది రోజుల్లో సినిమా చుట్టేసి వెళ్ళిపోయే కంపెనీలవి. కథ ఎప్పుడూ ఒకటే. మొదటి రీలులో హీరోయిన్ తండ్రిని ఎవరో చంపుతారు. ఆ పిల్ల గుర్రమూ కత్తీ కొరడా నేర్చుకుంటుంది. అక్కణ్ణుంచి చివరి రీలు దాకా ఎదురొచ్చినవాణ్ణల్లా చితక్కొడుతుంది. కొట్టడానికి ఒక మనిషి చాలు గానీ తన్నులు తినడానికి డజన్లకొద్దీ కావాలి. వాళ్ళను మద్రాసు నుంచి తెచ్చి, గదులిచ్చి, మేపి, మళ్ళీ రైలెక్కించడం ఎవరికి గిట్టుతుంది? అందుకని ఆ సరుకు ఇక్కడే దొరికే ఏర్పాటు చేశాడు హిందూపురం ఏజెంటు కేశవ.

కేశవ తెల్లవారుతూనే హిందూపురం బస్టాండులో నిలబడి, వచ్చినవాళ్ళను మార్కెట్లో పట్టుగూళ్ళు ఏరినట్టు ఏరేవాడు. నల్లగా ఉంటే అడవి మనిషి. ఎర్రగా ఉంటే విలన్ డెన్నులో కాపలావాడు. లావుగా ఉంటే వంటవాడు, వాణ్ణి ఎప్పుడో ఒకప్పుడు పిండి డబ్బాలో ముంచాలి. కళ్ళు చిన్నవైతే చైనావాడు. చిన్నవి కాకపోయినా ఫరవాలేదు, కేశవ జేబులో ప్లాస్టరు ఉండేది. ఆడవాళ్ళు ఎంతమంది వచ్చినా రెండే రకాలు, డాన్సు చేసేవాళ్ళూ ఏడ్చేవాళ్ళూ. లోకంలో ఇంకో రకం మనుషులు ఉన్నారని ఆ సినిమాలు చూసినవాడికి తెలిసే అవకాశమే లేదు.

లాల్‌సాబ్ మొట్టమొదట వెళ్ళిన రోజున అరబ్బు షేకు వేషం ఒకటి ఖాళీగా ఉంది. ఇది అల్లా నాకోసమే అట్టిపెట్టాడనుకున్నాడు ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు.

"అన్నా, నేను సాయిబునే గదా. ఆ వేషం నాకియ్యి."

కేశవ ఆయన్ను కిందికీ పైకీ చూశాడు. "నీకు సాయిబు మొగం లేదప్పా" అన్నాడు.

ఆ వేషం ధర్మవరం నుంచి చీరల మూట దించడానికి వచ్చిన గోవిందరాజులు అనే నేతగాడికి దక్కింది. కారణం ఆయన ముక్కు. గోవిందరాజులు నుదుటి నామం చెరుపుకొని, తెల్ల దుప్పటి కప్పుకొని షేకయ్యాడు. సలాం ఏ చేత్తో చెయ్యాలో లాల్‌సాబే నేర్పాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏడేళ్ళలో, పదిహేడు సినిమాల్లో లాల్‌సాబ్ అడవి మనిషయ్యాడు, చైనావాడయ్యాడు, గోవా స్మగ్లరు ఆంటొనీ పక్కన నిలబడేవాడయ్యాడు, ఒకసారి గొరిల్లా కూడా అయ్యాడు. సాయిబు మాత్రం కాలేకపోయాడు. పేరున్న మనిషి అసలే కాలేకపోయాడు.

ఎక్కువగా అడవి మనిషే. దీపపు మసిని ఆముదంలో కలిపి ఒంటికి పట్టించేవాళ్ళు. నల్ల బనియను, నడుముకు ఎండుగడ్డి లంగా, చేతిలో వెదురు ఈటె, నోట్లో "హుంబా హుంబా". అది ఏ అడవో, ఏ భాషో, డైరెక్టరుకూ తెలియదు. మసి పూసుకున్నాక ఆ పది మందిలో ఎవడి కులమేదో ఎవడి మతమేదో కన్నతల్లి కూడా చెప్పలేదు. మధ్యాహ్నం ఆకులు వేసినప్పుడు మాత్రం ఎవరి వరస వాళ్ళదే. ఒంటి మీద మసి కడుక్కోకుండానే వరసలు ఎట్లా కుదిరేవో అని లాల్‌సాబ్ ఇప్పటికీ ఆశ్చర్యపోతాడు.

ఇట్లాంటి బతుకులో ఆయనకు పేరు తెచ్చింది ఒకే ఒక్క దూకుడు. ఎనభై నాలుగులో తీసిన 'కొరడా కనకవల్లి' సినిమాలో హీరోయిన్ కొరడా విసిరితే ఒక అడవి మనిషి రెండు తాటిచెట్ల ఎత్తు బండ మీంచి గాల్లోకి లేచి, పల్టీ కొట్టి కింద పడతాడు. ఆ దూకుడు చూసి హిందూపురం జనం టాకీసులో కాగితాలు చించి విసిరారట. దూకింది పెనుకొండ లాల్‌సాబ్ అని చుట్టుపక్కల అందరికీ తెలిసిపోయింది. నంబులపూలకుంటలో జైతున్‌బీ అనే అమ్మాయికీ తెలిసింది. అప్పటికి ఆమెకు కదిరి దర్జీతో సంబంధం దాదాపు ఖాయమైంది. కొండ మీంచి దూకిన మొగోడుండగా సూదిలో దారం ఎక్కించేటోడు నాకెందుకని ఆ పిల్ల అడ్డం తిరిగింది. ఎనభై ఆరులో నిఖా అయింది. అప్పటికే సినిమా డబ్బాలు ఎటో పోయాయి. ఆమె ఆ దూకుడు చూడలేదు గానీ చూసినవాళ్ళకంటే బాగా చెబుతుంది. ఇంట్లో బొద్దింక కనపడి లాల్‌సాబ్ మంచమెక్కినప్పుడల్లా, "కొండ మీంచి దూకినోడివి, దీనికి భయపడ్తావేమయ్యా?" అని చీపురు తీసుకుంటుంది.

ఇంతకూ అసలు సంగతి ఏమిటంటే, లాల్‌సాబ్ దూకలేదు.

ఆ రోజు సాయంత్రం ఆయన బండ అంచుకు వెళ్ళి కిందికి చూశాడు. కింద కాయలు దులిపేసిన ఎండు వేరుశనగ కట్టె కుప్ప పోసి, దాని మీద పరుపులు వేశారు. పై నుంచి ఆ పరుపులు అగ్గిపెట్టెలంత కనబడ్డాయి. కాళ్ళు రెండూ బండకు అతుక్కుపోయాయి. ఎండ దిగిపోతోంది, కెమెరామన్ కింది నుంచి బూతులు తిడుతున్నాడు. మీదికి నీళ్ళ బిందె మోసుకొచ్చిన కూలిమనిషి ఒకామె ఇదంతా చూస్తోంది. పేరు పుట్టమ్మ, ఇరవై రెండేళ్ళు ఉంటాయి. బండలు కొట్టే ఇంట్లో పుట్టి, ఆ గుట్టల మీదే పెరిగింది. ఇంటి దగ్గర పసిబిడ్డ ఏడుస్తూ ఉంటుందని, షూటింగు అయిపోతే గానీ పంపరని ఆమె తొందర.

"దీనికేనా ఇంత? ఆ గడ్డి ఇట్లియ్యప్పా" అంది.

బండ వెనక్కు వెళ్ళి ఇద్దరూ బట్టలు మార్చుకున్నారు. ఆమె బనియనూ గడ్డి లంగా తొడుక్కుంది. మేకప్పు కుర్రాడు మసి పూసి, అనుమానం రాకుండా మూతికి మీసం కూడా అంటించాడు. లాల్‌సాబ్‌కు మిగిలింది గోచీ ఒక్కటే. అందుకని ఆయన పుట్టమ్మ చీర చుట్టుకొని బండ వెనక కూర్చున్నాడు. ఆమె పరిగెత్తుకొచ్చి దూకేసింది. పరుపు అంచున పడి మోకాలు చెక్కుకుపోతే, కంపెనీవాళ్ళు గడ్డి లంగాతోనే జీపెక్కించి ఇంటికి పంపారు. ఏజెంటు కేశవ అప్పటికే తన నోటుబుక్కులో 'బండ దూకుడు, లాల్‌సాబ్, పెనుకొండ' అని రాసుకున్నాడు. ఆడమనిషి దూకిందంటే కంపెనీ పరువు పోతుందని కొట్టెయ్యలేదు. లాల్‌సాబ్ కూడా కాదనలేదు. మొదట ఒక వారం తర్వాత చెబుదామనుకున్నాడు. ఆ తర్వాత పెళ్ళిచూపులు వచ్చాయి. ఇక ఎక్కడ చెబుతాడు?

నలభై ఏళ్ళు గడిచాయి. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం ఆయన కుక్కరు మూత బిగిస్తూ ఉంటే భాగ్యశ్రీ అనే అమ్మాయి అంగడి ముందు స్కూటీ ఆపింది. హిందూపురం పిల్ల, బెంగళూరులో సినిమాల మీద పరిశోధన చేస్తోంది.

"తాతా, లాల్‌సాబ్ గారంటే మీరేనా?"

తాతా అన్నందుకు మనసు చివుక్కుమన్నా, గారు అన్నందుకు సర్దుకున్నాడు.

ఆ పాత ఫైటింగు సినిమాల్లో ఎవరెవరిని ఎట్లా చూపించారు, నిజంగా వాళ్ళెవరు, అన్నది భాగ్యశ్రీ పరిశోధన. బెంగళూరులో ఒక గోడౌనులో 'కొరడా కనకవల్లి' డబ్బాలు దొరికాయట. బాగుచేయించి హిందూపురంలో చూపించబోతున్నారు. పాత టైటిల్సులో హీరోయిన్, విలన్, ఇద్దరు కమెడియన్ల పేర్లు వేసి, చివర 'మరియు అడవి మనుషులు' అని వదిలేశారు. ఈసారి ఆ అడవి మనుషుల పేర్లు కూడా వేయాలని ఆ పిల్ల పట్టుదల. ముందుగా ఆ దూకుడు మనిషి పేరు.

"కేశవ గారి నోటుబుక్కు వాళ్ళ కొడుకు ఇచ్చినాడు తాతా. దాంట్లో మీ పేరే ఉంది. కానీ హిందూపురం చిన్నస్వామి గారు దూకింది నేనే అంటున్నారు."

చిన్నస్వామి అదే సినిమాలో కళ్ళకు ప్లాస్టరు వేసుకున్న చైనావాడు. ఆ రోజుల్లో ఒకే సినిమాలో ఒకడు నాలుగు వేషాలు వేసేవాడు, పొద్దున చైనావాడిగా చచ్చినవాడు సాయంత్రం అడవి మనిషిగా లేచి వచ్చేవాడు. అందుకని ఆ మాట కొట్టిపారేయడానికి లేదు.

"వాడా! వాడు ఎద్దులబండి మీంచి కూడా దూకలేదు" అన్నాడు లాల్‌సాబ్, ఒళ్ళుమండి.

"ధర్మవరంలో ఒక అవ్వ కూడా నేనే దూకినా అంటోంది. పాపం, వాళ్ళ వీధిలో అందరూ ఆమెను ఆటపట్టిస్తారు. బొమ్మలో మీసం స్పష్టంగా కనపడుతోంది కదా. ఆమెను తీసేశాం. మీరు ఔనంటే చాలు తాతా, పేరు వేసేస్తాం."

లాల్‌సాబ్ చేతిలో స్పానరు ఆగిపోయింది. ఈలోగా లోపలి నుంచి టీ గ్లాసుతో వచ్చిన జైతున్‌బీ జవాబు తనే చెప్పేసింది.

"ఔననేదానికేముండాదమ్మా? లోకమంతా తెలిసిందే గదా. రాసుకో."

భాగ్యశ్రీ రాసుకుంది. లాల్‌సాబ్ టీ తాగాడు. చక్కెర ఉందో లేదో తెలియలేదు.

మరుసటి రోజు పొద్దున్నే, కుక్కరు రబ్బర్లు ధర్మవరంలో బాగుంటాయని చెప్పి బస్సెక్కాడు. కుక్కరు రబ్బరు ఎక్కడైనా కుక్కరు రబ్బరే. పుట్టమ్మను చూసి ఏం చెప్పాలో మాత్రం దారి పొడుగునా నాలుగు రకాలుగా తయారు చేసుకున్నాడు. మొదటి రకంలో బతిమాలడం ఉంది, నాలుగో రకంలో దబాయించడం ఉంది.

ఇల్లు సులువుగానే దొరికింది. సినిమాలో దూకినానని చెప్పే అవ్వ ఇల్లెక్కడని అడిగితే, దూకుడవ్వా అంటూ వీధి చివర పిల్లలు నవ్వుతూ చూపించారు. లోపల ఆమె కూతురు ధనలక్ష్మి మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. పుట్టమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. తల నెరిసింది గానీ నడుము నిటారుగానే ఉంది.

"ఎవరప్పా?"

"నేను లాల్‌సాబ్. పెనుకొండ. అదే, అడవి మనిషి..."

రాట్నం ఆగింది. ఆమె ఆయన్ను తేరిపార చూసింది.

"నా చీర యాడ?"

నాలుగు రకాల జవాబుల్లో ఇది లేదు. "మా అక్క కట్టుకునిందమ్మా" అన్నాడు.

"బాగుండెనా ఆయమ్మకు?"

"బాగనే ఉండె."

"పోనీ. పచ్చ చీర, మా యమ్మ ఇచ్చింది." పుట్టమ్మ కొంచెం నవ్వింది. మగ్గం చప్పుడు ఆగిపోయింది. ధనలక్ష్మి తల ఎత్తి చూస్తోంది.

"అయితే మాయమ్మ చెప్పేది నిజమేనా? నిజంగా దూకిందా? మీరు చూసినారా?" అని అడిగింది. "మా అత్తగారోళ్ళ ముందర ఈ మాట ఎత్తొద్దని ఎన్ని తూర్లు ఈమె మింద అరిచినానో!"

ఒక్క మాట చాలు. ఔనంటే చాలు. లాల్‌సాబ్ నోరు తెరిచాడు. కళ్ళముందు జైతున్‌బీ చీపురు పట్టుకొని నిలబడింది.

"ఏమో తల్లీ. నలభై ఏండ్లాయె. యాడ గుర్తుంటాది" అన్నాడు.

అన్న మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది. పుట్టమ్మ మళ్ళీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. తిడితే బాగుండుననిపించింది ఆయనకు. గడప దాటుతుంటే వెనక నుంచి ఆమె గొంతు వినపడింది.

"సినిమాకు నేనూ వస్తాండా అన్నా. పేరు గీరు నాకెందుకు. ఎట్ల పడినానో నేనెప్పుడూ సూడలేదు గదా, సూడాల."

రబ్బర్లు కొనకుండానే ఇంటికొచ్చాడు. ధర్మవరంలో రబ్బర్లు లేవా అని జైతున్‌బీ అడిగితే, ఉన్నాయి గానీ పెద్దవి అన్నాడు. అబద్ధాలకు ఆయన నోరు అంత బాగా అలవాటు పడిపోయింది.

సినిమా ఆదివారం మధ్యాహ్నం, హిందూపురంలో ఒక కల్యాణ మండపంలో. జైతున్‌బీ కొత్త చీర కట్టుకొని, ఇద్దరు చెల్లెళ్ళను నంబులపూలకుంట నుంచి పిలిపించుకొని, ముందు వరసలో కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూడలేక లాల్‌సాబ్ చూపు తెర వైపు తిప్పుకున్నాడు. అవతలి వైపు చిన్నస్వామి మనవళ్ళతో దిగాడు. పుట్టమ్మ, ధనలక్ష్మి మూడో వరసలో ఒక చివర కూర్చున్నారు. హాలు నిండా జనం. పాత సినిమా అంటే నవ్వుకోవడానికి వచ్చిన కుర్రవాళ్ళే ఎక్కువ.

సినిమా మొదలైంది. హీరోయిన్ తండ్రి ఎప్పటిలాగే చచ్చిపోయాడు. గోవిందరాజులు ముక్కుతో షేకు ప్రవేశించాడు. చిన్నస్వామి ప్లాస్టరు ఒక కంటికి ఊడిపోయి, సగం చైనా సగం హిందూపురంగా డైలాగు చెప్పాడు. మనవళ్ళు పడీపడీ నవ్వారు. అడవి మనుషులు "హుంబా హుంబా" అంటూ దిగినప్పుడు హాలంతా గొంతు కలిపింది. అట్లా నవ్వుతున్నవాళ్ళలో తమ తాతలనే చూసి నవ్వుతున్నవాళ్ళు ఎందరో ఉంటారని లాల్‌సాబ్‌కు తోచి, ఆయనకు మాత్రం నవ్వు రాలేదు.

బండ వచ్చింది. కొరడా లేచింది. మసి పూసిన మనిషి పరిగెత్తుకొచ్చి, ఆకాశానికి అడ్డంగా లేచి, పల్టీ కొట్టి పడింది. ఒక్క క్షణం ఎవరూ నవ్వలేదు. తర్వాత హాలు చప్పట్లతో ఊగిపోయింది. భాగ్యశ్రీ అక్కడే బొమ్మను ఆపి, లైట్లు వేయించి, మైకు తీసుకుంది.

"ఈ దూకింది ఎవరంటే..."

"నేనే!" అంటూ చిన్నస్వామి లేచాడు.

"నువ్వా? మా ఇంటాయన!" అంటూ జైతున్‌బీ లేచింది.

మూడో వరస చివర నుంచి, గట్టిగా కూడా కాదు, "అది నేనే సామీ" అంది పుట్టమ్మ. బొమ్మను చూసిన సంబరంలో ఆమె నోరు జారిందే గానీ పోట్లాటకు కాదు.

హాలు గొల్లుమంది. వెనక నుంచి ఒక కుర్రవాడు "మీసాలవ్వా!" అని అరిచాడు. పుట్టమ్మ కూడా వాళ్ళతో కలిసి నవ్వబోయింది. నవ్వు రాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ధనలక్ష్మి ఆమె చెయ్యి పట్టి కిందికి లాగుతోంది.

లాల్‌సాబ్ అది చూశాడు. ఆనాడు బండకు అతుక్కుపోయిన కాళ్ళు ఈసారి కదిలాయి. వేదిక దగ్గరికి వెళ్ళి భాగ్యశ్రీ చేతిలోని మైకు తీసుకున్నాడు.

"నగద్దండప్పా" అన్నాడు. నవ్వుల్లో ఆ మాట ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాడు. "నగద్దండి. దూకింది ఆయమ్మే. నేను భయపడినా. పైకెక్కినా గానీ దూకలేకపోయినా. ఆ గడ్డి, ఆ బనీను నావే. మీసం మేకప్పోళ్ళది. దూకిన మనిషి మాత్రం పుట్టమ్మ."

"మరి నువ్వు యాడుంటివి?" అని ఎవరో అడిగారు.

"బండ వెనకాల. ఆయమ్మ చీర కట్టుకొని."

ఇక ఆ నవ్వును ఆపడం ఎవరి తరం కాలేదు. లాల్‌సాబ్ నిలబడి ఆ నవ్వంతా తన మీద వేసుకున్నాడు. పుట్టమ్మ లేచి నిలబడి, కొంగు తీసేసి గట్టిగా చెప్పింది. "నేను కింద పడంగానే అందరికన్నా ముందు దిగొచ్చింది ఈయప్పే. పానముండాదా లేదా అని అడుగుతాడేమో అనుకుంటి. నా గడ్డి నాకియ్యమ్మా, గాలేస్తాండాది అన్నాడు!"

ఈసారి లాల్‌సాబ్ కూడా నవ్వాడు. నలభై ఏళ్ళుగా మోస్తున్న బండరాయి ఎవరో దించినట్టయింది. చిన్నస్వామి మెల్లగా కూర్చుంటూ, ఆ రోజు నాకు జ్వరం, షూటింగుకే పోలేదని పక్కవాడికి ఒప్పుకున్నాడు. ధనలక్ష్మి తల్లి ముఖంలోకి చూస్తూ ఏడుస్తోంది.

జైతున్‌బీ మాత్రం నవ్వలేదు. కొత్త చీర కొంగు సర్దుకొని, చెల్లెళ్ళ వైపు చూడకుండా, భర్తనే చూస్తూ అడిగింది. "అయితే నేను ఇన్నేండ్లు కాపురం చేసింది ఎవరితోనయ్యా?"

లాల్‌సాబ్ మైకు భాగ్యశ్రీకి ఇచ్చేసి, తల వంచుకొని, వేదిక మెట్ల మీదే కూర్చుండిపోయాడు. జైతున్‌బీ లేచి వెళ్ళి పుట్టమ్మ పక్కన కూర్చుంది. ముందు వరసలో ఆయన కుర్చీ పక్కన కూర్చోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

"మిగతా పది మంది అడవి మనుషుల పేర్లు ఎవరికైనా తెలుసా?" అని భాగ్యశ్రీ అడిగింది. నోటుబుక్కులో ఆ పేజీని చెదలు తినేశాయట. మసి కింద ముఖాలు తెలియవు. సినిమాను వెనక్కి తిప్పి, అడవి మనుషులు దిగే చోటు నుంచి మెల్లగా నడిపించింది.

అప్పుడొక విచిత్రం జరిగింది. తనను తాను ఎవడూ గుర్తుపట్టలేకపోయాడు గానీ పక్కవాణ్ణి ఇట్టే పట్టేశాడు. మనం ఎట్లా నడుస్తామో మనకేం తెలుసు? చూసేవాళ్ళకు తెలుస్తుంది. "ఆ ఈటెను గడ్డపార మాదిరి పట్టుకున్నోడు మా చెన్నప్ప గదా!" అన్నాడు చిన్నస్వామి. "ఆ వంగి నడిచేటోడు సున్నంబట్టీ కుళ్లాయప్ప" అంది పుట్టమ్మ. ఆ మాటకు వెనక వరసలో యాభై ఏళ్ళ మనిషి ఒకడు దిగ్గున లేచాడు. "మీసాలవ్వా" అని అరిచిన కుర్రవాడి పక్కవాడే. "మా నాయనా? ఆపమ్మా, ఆడ ఆపు" అన్నాడు. తన తండ్రి ఫోటో ఇంట్లో ఒక్కటి కూడా లేదట. తెర ముందుకు వచ్చి, మసి పూసిన ఆ మనిషిని ఫోనులో ఫోటో తీసుకున్నాడు. సరిగా వచ్చిందో లేదోనని రెండుసార్లు తీశాడు.

ఆ తర్వాత ఎవరూ హుంబా అనలేదు. ఒక్కొక్కడు కొరడా దెబ్బకు పడిపోతుంటే హాలు ఒక్కొక్క పేరు పిలిచింది. వాళ్ళలో సగం మంది నిజంగానే పోయారు. భాగ్యశ్రీ గబగబా రాసుకుంటోంది. తొమ్మిది పేర్లు వచ్చాయి. ఒక్కడు మిగిలాడు.

వాడు చిత్రమైన మనిషి. అందరూ హీరోయిన్ మీదికి ఉరుకుతుంటే వాడొక్కడూ ఈటె పారేసి, చెట్ల వైపు పరిగెత్తుతున్నాడు. కెమెరా చూస్తోందని కూడా వాడికి పట్టలేదు. చావమని ఎవరూ చెప్పినట్టు లేదు, బతికి బయటపడిన అడవి మనిషి వాడొక్కడే.

చిన్నస్వామికి తెలియలేదు. పుట్టమ్మకూ తెలియలేదు. మెట్ల మీంచి లాల్‌సాబ్ కూడా తల ఎత్తి, కళ్ళు చికిలించి చూశాడు. "ఎవడబ్బా వాడు, అంత భయంగా పరిగెత్తుతాండాడు?" అన్నాడు.

"నువ్వే."

జైతున్‌బీ గొంతు అది. ఆమె లేచి నిలబడింది.

"కుడి చెయ్యి ఊపుతా, ఎడమ చెయ్యి కడుపుకు అదుముకోని పరిగెత్తుతావు సూడు. బస్సెనకాల అట్లనే ఉరుకుతావు. బొద్దింకొస్తే మంచమెక్కేదీ అట్లనే. ముప్పై ఎనిమిదేండ్లుగా సూస్తాండా, నాకు తెలీదా?"

భాగ్యశ్రీ కలం పట్టుకొని, ఏం రాయాలో తెలియక ఆమె వైపు చూసింది.

"రాసుకోమ్మా" అంది జైతున్‌బీ. "పారిపోయినోడు లాల్‌సాబ్. పెనుకొండ. మా ఇంటాయన."